అడుగు కింద అడుగు

ఉగాది వెళ్ళిన మూడో రోజున మా సాయిబాబు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా కడుపున పుట్టినవాడే, యాభై ఏళ్ళవాడు, అయినా అమ్మ పక్కన ఊరికే కూర్చుని ఎన్నేళ్ళయిందో చెప్పలేను. నేను తల్లి లేని గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతున్నాను.

"అమ్మా, నువ్వు విశాఖపట్నం పోయి రా," అన్నాడు.

సీసా చేతిలోంచి జారింది. ఆ ఊరి పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తక రెండేళ్ళు. అక్కడ నా మనవరాలు నందిని ఉంది, సాయిబాబు పెద్దబిడ్డ. పాలకీడు దిక్కు తండా పిల్లవాడు రాజేందర్‌ను పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. వాళ్ళు లంబాడీలు, మేము గొల్లవాళ్ళం. ఆ రోజు నుంచి మా గోడ మీద దాని ఫొటో లేదు. మేకు మాత్రం అట్లాగే ఉంది.

"అది గాడున్నదని నీకెవరు సెప్పిండ్రురా?" అన్నాను.

"నువ్వు హిమజ ఫోన్ల దొంగతనంగ మాట్లాడుతవని నాకు తెల్వదా?" నవ్వాడు. "కోపం ఎన్నాళ్ళుంటదమ్మా? నాకు పోవుడు మొకం సెల్లదు. నువ్వు పో. రోజు సాయంత్రం ఎట్లున్నదో నాకు ఫోన్ చేసి చెప్పు, సాలు."

హిమజ నా చిన్న మనవరాలు. దానికి సూర్యాపేట నుంచి సంబంధం వచ్చింది. అంతా మాట్లాడుకున్నాక, పెద్దపిల్ల సంగతి తెలిసి వాళ్ళు వెనక్కి తగ్గి నెల కూడా కాలేదు. ఆ నెలంతా సాయిబాబు కంచం ముందు కూర్చోవడం, మెతుకులు కెలికి లేచిపోవడం. అటువంటివాడు ఇప్పుడు మెత్తబడ్డాడని నేను మురిసిపోయాను. దేవుడికి దండం పెట్టుకున్నాను కూడా. నాకు కొత్త ఫోన్ కొన్నాడు, పెద్ద పెద్ద మీటలది. పచ్చ మీట నొక్కిపట్టుకుంటే చాలు, నేరుగా వాడికే పోతుంది.

కోదాడలో బస్సెక్కి, బెజవాడలో రైలెక్కి వెళ్ళాను. స్టేషన్‌లో నందిని నన్ను పట్టుకుని ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా భుజం మీద తడిగానే ఉన్నట్టుంటుంది. పక్కన రాజేందర్ నా సంచి అందుకుని, వంగి కాళ్ళకు దండం పెట్టాడు. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ పిల్లవాడు. ఓడరేవులో, ఓడలకెక్కించే ఇనుప డబ్బాల యార్డులో పని.

ఆటోలో నందిని నా చెవి దగ్గరికి వచ్చి, "నానమ్మా, ఒక్కటే మాట. మా ఇంటి అడ్రస్ మాత్రం ఎవరికీ సెప్పకు. నాన్నకు గూడ," అంది.

"నాకు సదువొస్తే గదనే సెప్పేటందుకు! గల్లీ పేరు గూడ నోరు తిరుగుతలేదు నాకు."

ఆ మాట మీద నేను గట్టిగా నిలబడ్డాను. అడ్రస్ చెప్పలేదు. ఎవరు అడిగినా చెప్పేదాన్ని కూడా కాదు.

మా నందిని ఇంటర్ అయ్యాక రెండేళ్ళు గడప దాటనివ్వలేదు మావాళ్ళు. అందుకేనేమో, ఆ పిల్లకు నడవడమంటే అంత పిచ్చి. కళ్ళద్దాల దుకాణంలో పని పదకొండు గంటలకు. పొద్దున ఆరింటికే నన్ను లేపేది. "పా నానమ్మా, ఇయ్యాల ఒక కొత్త చోటు," అనేది. నాకేం, నలభై ఎండాకాలాలు మంద వెంట నడిచినదాన్ని. యాసంగి మేత అయిపోగానే అనంతగిరి వదిలి, కోదాడ దాటి, కృష్ణా జిల్లాలో కోసిన పొలాల దాకా గొర్రెల్ని తోలుకుని పోయేవాళ్ళం. ఒక్కో రోజు పది కోసులు. ఈ పట్నం ఎంత?

కైలాసగిరి మెట్ల దారిన ఎక్కాము. ఆ పిల్ల మూడుచోట్ల ఆగింది, నేను ఒకచోట ఆగాను. పైకి పోయి చూస్తే కింద ఊరంతా వంపు తిరిగి నీళ్ళ ఒడ్డున పడుకుని ఉంది. నేను అలవాటు కొద్దీ ఎత్తు మీద నుంచి మంద కోసం వెతుక్కున్నాను.

"ఏం సూస్తున్నవ్ నానమ్మా?"

"గింత నీళ్ళున్నయ్, ఒక్క జీవమన్న లేకపాయె. ఎందుకే గీ నీళ్ళు?"

"ఉప్పునీళ్ళు నానమ్మా!"

"మరి గంతెందుకు మురుస్తున్నరే అందరు?"

అది నవ్వి నవ్వి రాయి మీద కూలబడింది. ఆ నవ్వు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

ఆ తర్వాత రోజుకొక చోటు. రాస్ కొండ ఎక్కితే ఒక పక్క చర్చి, ఒక పక్క దర్గా, ఇంకో పక్క గుడి, కింద ఇరుకు కాలువలోంచి ఇల్లంత ఓడ మెల్లగా లోపలికి వస్తూ. జాలరిపేటలో చేపల బుట్టల మధ్య సందు చూసుకుంటూ నడక. తెన్నేటి పార్కు గోడ మీద కూర్చుని వేడి పల్లీలు. ఆదివారాలు రాజేందర్ కూడా వచ్చేవాడు, మిగతా రోజుల్లో పొద్దుటి డ్యూటీ.

ఆ పిల్లవాడిది ఒక పద్ధతి ఉంది. అందరూ సముద్రం వైపు తిరిగి కూర్చుంటే, వాడు సముద్రానికి వీపు పెట్టి రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవాడు.

"గింత దూరమొచ్చి నీళ్ళు సూడవేందయ్యా?" అన్నాను ఒకసారి.

"నీళ్ళల్లకెళ్ళి ఎవరూ రారు గద అవ్వా," అన్నాడు నవ్వుతూ. నందిని నవ్వలేదు. పల్లీల పొట్టు ఊదుతూ తల దించుకుంది.

సాయంత్రం ఏడింటికి నేను పచ్చ మీట నొక్కేదాన్ని. నా కొడుకు చిన్నప్పటి నుంచి నా మాట పది నిమిషాలు విన్నవాడు కాదు. "ఇగ ఆపవే అమ్మా," అని లేచిపోయేవాడు. అటువంటివాడు గంటసేపు వినేవాడు. ఏ కొండ, ఎన్ని మెట్లు, ఎక్కడ కూర్చున్నాము, ఎన్నింటికి దిగాము, అన్నీ అడిగేవాడు. నేను ఒక్కటీ వదలకుండా చెప్పేదాన్ని. నా జ్ఞాపకానికి ఇంత విలువ ఎప్పుడూ రాలేదు.

"రేపు యాడికమ్మా?"

"రుషికొండ అంటున్నది బిడ్డా. ఆరున్నరకల్ల పోతం."

"అల్లుడు రాడా?"

అల్లుడు అన్నాడు! నా కళ్ళు నిండాయి. "ఆదివారం వస్తడు బిడ్డా. ఆదివారం తప్పకుండ వస్తడు."

రుషికొండ ఇసుకలో ఆ మర్నాడే నేను ఆ అడుగు చూశాను.

మందలు కాసేవాళ్ళకు మొహాలకంటే ముందు అడుగులు తెలుస్తాయి. తప్పిపోయిన గొర్రె ఎటు పోయింది, దాన్ని ఎవరు తోలుకుపోయారు, నిన్ననా ఇవాళనా, అంతా నేల మీదే చూసుకుంటాము. ఆ తడి ఇసుకలో టైరు చెప్పుల అచ్చు ఉంది. కుడికాలు బయటికి తిరిగి, బొటనవేలు దగ్గర లోతుగా దిగి ఉంది. అది మా ఐలన్న అడుగు. నా తమ్ముడి కొడుకు. తల్లి పోతే నేనే పెంచాను. పదేళ్ళప్పుడు మేకలకు తుమ్మ రొట్ట కొడుతూ చెట్టు మీద నుంచి పడ్డాడు, పాదం అట్లా వంకరగా అతుక్కుంది. వాడి చెప్పులకు కుడివైపు అదనంగా తోలు వేసి కుట్టించాలి. అట్లాంటి చెప్పు ఈ దునియాలో ఇంకోటి లేదు.

నాకు భయం వేయలేదు. అదే నా తెలివితక్కువతనం. ఇంటి మనిషి కనబడినట్టు సంబరమైంది. మనుషులను పోలిన మనుషులు ఉంటారు కదా, అడుగును పోలిన అడుగు ఉండదా అనుకున్నాను. సాయంత్రం అది కూడా చెప్పేశాను.

"సాయిబాబూ, ఇయ్యాల ఒక ముచ్చటైంది. మన ఐలన్న అడుగు అసోంటిదే సూసిన రా ఇసుకల. అచ్చం గదే వంకర!"

ఫోన్‌లో చప్పుడు లేదు. కట్ అయిందనుకుని చెవి మార్చుకున్నాను.

"ఐలన్న గాడెందుకుంటడమ్మా," అన్నాడు చివరికి. "నీకు కండ్లు మసకలైనయ్. అద్దాలు పెట్టిచ్చుకో, నీ మనవరాలిది గదే దుకాణం గద."

ఇద్దరం నవ్వుకున్నాము.

ఆ ఆదివారం ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళాము, భీమిలి పోయే దారిలో. నేనెక్కడా అట్లాంటి చోటు చూడలేదు. ఎర్రటి ఇసుక గుట్టలు, వాటి మధ్య వాగులు తవ్వినట్టు లోతైన సందులు. లోపలికి దిగితే సముద్రం కనబడదు, హోరు మాత్రం వినిపిస్తుంది. గాలి లేదు. మాటలు గోడలకు తగిలి మళ్ళీ మనకే వస్తున్నాయి. నందిని, రాజేందర్ చేయి చేయి పట్టుకుని ముందు పోతున్నారు. నేను వెనక. మంద వెనక నడిచే అలవాటు పోదు కదా, నా చూపు నేల మీదే.

అక్కడ ఒక అడుగు కనిపించింది. టైరు చెప్పు కాదు. కొత్త రబ్బరు చెప్పు, ఇంకా అరగని గీతలు. కానీ కుడికాలు బయటికి తిరిగి ఉంది. బొటనవేలు దగ్గర లోతు.

చెప్పులు మారాయి. కాలు మారలేదు.

నేను వంగి చూశాను. వెంట వచ్చేవాడి అడుగు మన అడుగు మీద పడుతుంది, మన అచ్చును చెరిపేస్తుంది. ఇక్కడ నందిని చెప్పు అచ్చు దాని మీద పడి ఉంది. రాజేందర్ బూటు కూడా దాని మీదే. వంకర అడుగు అంచులు ఎండి రాలిపోతున్నాయి. అంటే వాడు మా వెనక రాలేదు. మాకంటే ముందు వచ్చాడు. వలస పోయేటప్పుడు కూడా ఐలన్నది అదే పని. మంద కంటే ముందు పోయి, మేత ఎక్కడ, నీళ్ళెక్కడ, దిగే దారేది, అన్నీ చూసి పెట్టేవాడు.

ఆ అడుగులు గుట్ట మీదికి ఎక్కాయి. మేము నిలబడిన చోటు పైనుంచి తేటగా కనబడే అంచు అది. ఎక్కి చూస్తే అక్కడ కర్ర పోటు గుంట కూడా ఉంది. చాలాసేపు నిలబడ్డాడు.

మేము ఆ చోటికి వస్తున్నట్టు ఈ లోకంలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరికి చెప్పింది నేను.

"నానమ్మా, ఏందే, దమ్ము వస్తున్నదా?" నందిని వెనక్కి తిరిగి అరిచింది.

"ఏం లేదే. ముల్లిరిగింది," అన్నాను. రాజేందర్ వెనక్కి వచ్చి, నేల మీద కూర్చుని, నా పాదం ఒళ్ళో పెట్టుకుని ముల్లు కోసం వెతికాడు. లేని ముల్లును ఎంతసేపు వెతికాడో.

ఆ సాయంత్రం కూడా పచ్చ మీట నొక్కాను. నోరు ఎప్పటిలాగే తిరిగింది. దిబ్బలు ఎంత ఎరుపో చెప్పాను. అడుగు సంగతి చెప్పలేదు. "బుధవారం తొట్లకొండ పోతున్నం బిడ్డా, అల్లుడు సెలవు పెట్టిండు," అన్నాను. యాభై ఏళ్ళలో నా కొడుకుతో నేనాడిన మొదటి అబద్ధం.

నాకింకా ఒక చిన్న ఆశ ఉండేది. ఎవరూ రాకపోతే, నా కళ్ళే మసకలయ్యాయని ఒప్పుకుందామనుకున్నాను.

బుధవారం మందుల దుకాణానికి పోయి వస్తానని చెప్పి, వాళ్ళనూ వీళ్ళనూ అడుక్కుంటూ బస్సెక్కి తొట్లకొండ ఒక్కదాన్నే వెళ్ళాను. పైన పాతకాలపు ఇటుకల కట్టడాలు, చుట్టూ జీడిమామిడి తోపులు, కింద దూరంగా నీళ్ళు మెరుస్తూ. చెట్టు నీడలో కర్ర చంకకింద పెట్టుకుని, ఒంటికాలి మీద బరువేసి ఐలన్న నిలబడి ఉన్నాడు. నన్ను చూసి పారిపోదామని ఒక అడుగు వేశాడు. మళ్ళీ ఆగిపోయాడు.

"అత్తా, ఒక్కదానివే వచ్చినవేంది?"

"నువ్వెందుకొచ్చినవ్ రా?"

"ఉట్టిగనే. సముద్రం సూద్దామని."

"పదిహేను దినాల సంది సూస్తున్నవ్ గద, ఇంక కండ్లు నిండలేదా?"

వాడు తల దించుకున్నాడు. రబ్బరు చెప్పులు కోసుకుపోయి కుడిపాదం పక్కన పుండు పడి ఉంది. "నువ్వు గుర్తువడుతున్నవని బావ చెప్పులు మార్పిచ్చిండు," అన్నాడు. మా సాయిబాబును వాడు బావ అంటాడు.

కొంగులో కట్టుకొచ్చిన జొన్నరొట్టె తీసి వాడి చేతిలో పెట్టాను. నిలబడే తిన్నాడు, చిన్నప్పటిలాగే పెద్ద పెద్ద ముక్కలు తుంచుకుంటూ.

"ఏం సెయ్యమన్నడురా నిన్ను?"

"సూసి సెప్పమన్నడు. గంతే అత్తా. యాడ కూసుంటరు, దారేది, జనం ఎప్పుడు తక్కువుంటరు. ఇల్లు దొరకవట్టమన్నడు గాని, మీరు బస్సెక్కితే నాకు అంతు చిక్కలే." రొట్టె మింగుడుపడక ఆగాడు. "నా పని ఖతం అయింది. ఇగ వాళ్ళొచ్చిండ్రు."

కొండ దారి మొదట్లో, చెట్ల కింద తెల్ల కారు. రెండు తలుపులు తెరిచి ఉన్నాయి. సీట్లు వాల్చి ఇద్దరు పడుకుని ఉన్నారు. ఒకడి కాళ్ళు బయటికి వేలాడుతున్నాయి.

"ఎవరు వాళ్ళు?"

"నాకు తెల్వదు. మన దిక్కోళ్ళు గాదు."

గాలికి జీడిమామిడి ఆకులు గలగలమన్నాయి. ఐలన్న చేతులు తుడుచుకున్నాడు. నా వైపు చూడకుండా, "ఆదివారం యాడికి పోతరత్తా? వాళ్ళు నన్నడుగుతరు," అన్నాడు.

"యారాడ."

"నిజమేనా?"

"నువ్వడిగినవ్. నేను సెప్పిన."

వాడు చాలాసేపు నేలను చూశాడు. నా అడుగులు అక్కడ ఒంటరిగా ఉన్నాయి, పక్కన ఇంకెవరివీ లేవు. "యారాడనే సెప్తా," అన్నాడు. "జర పైలం అత్తా. అటు దిక్కుకెళ్ళి దిగు, వాళ్ళు లేస్తే నిన్ను సూస్తరు."

ఇంటికి వచ్చి ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. నందిని "నాన్ననా?" అంది, అంతే. నేను తలూపాను. అది గోడ వైపు తిరిగింది.

"పోలీసులకు సెప్దామా బిడ్డా?" అన్నాను.

"ఏమని సెప్దాం అవ్వా? అడుగులు సూసినమనా?" రాజేందర్ గొంతులో కోపం లేదు. లేచి మంచం కింది నుంచి రెండు సంచులు లాగాడు. బట్టలు, కాగితాలు, అన్నీ సర్దే ఉన్నాయి. రెండేళ్ళుగా అట్లాగే ఉన్నాయట. నేను ఆ మంచం మీదే పడుకున్నాను ఇన్నాళ్ళూ.

జీతాలు అందుకుని శనివారం మధ్యాహ్నం బయలుదేరారు. నందిని నా మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో, "నానమ్మా, మేము యాడికి పోతున్నమంటే..." అని మొదలుపెట్టింది.

దాని నోరు మూశాను. నా అరచేతి కింద దాని పెదవులు కదులుతున్నాయి.

"సెప్పకే. నాకు తెలిస్తే నేను సెప్తనే. నా నోటి సంగతి నాకు తెల్వదా? పో బిడ్డా. ఫోన్ గూడ సెయ్యకు."

వాళ్ళు సందు చివర తిరిగేదాకా నేను నిలబడలేదు. ఎటు తిరిగారో చూడకూడదని లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

సాయంత్రం ఏడింటికి పచ్చ మీట నొక్కాను. ఖాళీ ఇంట్లో కూర్చుని, వంటింట్లో నందిని చారు పెడుతోందని, రాజేందర్ స్నానానికి పోయాడని, రేపు పొద్దున ఆరింటికి ముగ్గురం యారాడ కొండ మలుపు దగ్గర దిగుతామని, అక్కడి నుంచి నడిచే పోతామని చెప్పాను. గంటసేపు చెప్పాను. "మంచిదమ్మా," అన్నాడు నా కొడుకు. "నువ్వు జర ఎనకనే నడువు. మోకాళ్ళు నొస్తయ్."

తెల్లారి నేను రైల్లో ఉన్నప్పుడు ఆ ఫోన్ మూడుసార్లు మోగింది. ఎత్తలేదు.

కోదాడ బస్టాండుకు సాయిబాబే బండి వేసుకుని వచ్చాడు. కోపం లేదు, గద్దింపు లేదు. "ఎండకు నల్లబడ్డవమ్మా," అని సంచి అందుకున్నాడు. ఇంటికి వచ్చాక ఒక్కసారే అడిగాడు, "యాడికి పోయిండ్రు?" అని. తెలియదన్నాను. నా కళ్ళలోకి చూసి, అది నిజమేనని వాడికి అర్థమైంది.

ఐలన్న ఇంకా రాలేదు. వాడి పెండ్లాం గీత రోజూ వచ్చి గడపలో నిలబడుతుంది. "కృష్ణ దిక్కు మంద వెంట పోయిండమ్మా," అంటాడు సాయిబాబు. గీత దొడ్డి వైపు చూస్తుంది. ఐలన్న గొర్రెలు దొడ్డిలోనే ఉన్నాయి. ఎవరూ తోలకపోతే ఆకలికి అరుస్తుంటాయి.

ఇప్పుడు రోజూ సాయంత్రం నా కొడుకు చాయ్ తెచ్చి నా పక్కన కూర్చుంటాడు. ఫోన్ జేబులోనే ఉంటుంది. మెల్లగా, మెత్తగా అడుగుతాడు. "నడిసేటప్పుడు ఏమేం మాట్లాడుకునేటోళ్ళమ్మా? ఏ ఊర్లు సూడాలని అనేది పిల్ల? నీకన్నీ యాదికుంటయ్ గద."

అన్నీ యాదికున్నాయి. ఒక పొద్దున నడుస్తూ నడుస్తూ నందిని ఒక ఊరి పేరు చెప్పింది. ఎప్పటికైనా అక్కడ ఉండాలని ఉంది నానమ్మా, అంది. వెళ్ళిపోయేటప్పుడు దాని నోరు మూయగలిగాను గానీ, ఆ పొద్దుటి మాటను తలలోంచి తీసేయడం నా వల్ల కాలేదు. ఆ పేరు మీకూ చెప్పను.

చాయ్ అందుకుంటాను. ఒక గుటక వేసి మొదలుపెడతాను. "నువ్వు అప్పుడు కడుపులున్నవ్ బిడ్డా. గా ఏడు కరువొచ్చింది. మీ నాయన, నేను, నూట నలభై గొర్లు. మునగాల దాటినంక ఒక్క బాయిల నీళ్ళు లెవ్వు..."

సాయిబాబు "ఇగ ఆపవే అమ్మా" అనడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, కదలకుండా వింటూ ఉంటాడు. నేను ఒక బావి నుంచి ఇంకో బావికి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడుస్తూ ఉంటాను. నడిచినవన్నీ యాభై ఏళ్ళ కిందటి ఊళ్ళే. వాడు లేచి పోయేదాకా నేను ఆపకూడదు.